రోగికిఁ జెప్పని లెక్క

మన గృహస్థుఁడు ఇల్లు కట్టఁబూనినపుడు మేస్త్రీని ముందుగా అంచనా యడుగును. కుమార్తె వివాహము తలపెట్టినపుడు పందిరి మొదలు తాంబూలము వఱకు కాగితముమీఁద వ్రాసికొనును. కుమారుని కాలేజీలోఁ జేర్చునపుడు నాలుగేండ్ల ఫీజు ఎంత యగునో విచారించి మఱి చేర్చును. ఇవి యన్నియు ముందు జరగఁబోవు వ్యయములే. వీనిలో దేనికిని పైసతోఁ గూడ నిశ్చయము లేదు. ఐనను అంచనా వేయుట మానినవాఁడు లేఁడు. అట్టి గృహస్థుఁడే తన యింట నొకరికి మనోవ్యాధి కలిగి వైద్యుని కడకుఁ బోయినపుడు మాత్రము, “ఈ చికిత్సకు ఏఁడాదికి ఎంత యగును?” అని యడుగుటకు నోరు రాక తిరిగివచ్చుచున్నాఁడు. ధైర్యము చేసి యడిగినవారిలో ననేకులకు, “ఇది మనస్సునకు సంబంధించినది, ముందుగాఁ జెప్పుట సాధ్యము కాదు” అను ప్రత్యుత్తరమే లభించుచున్నది. ఈ ప్రత్యుత్తరము పూర్తిగా సత్యము కాదనియు, దీనివలన రోగులకుఁ గలుగుచున్న హాని యల్పము కాదనియు, చికిత్స యారంభమైన కొలఁది దినములలోనే ఒక సంవత్సరపు వ్యయమును రోగికిని అతని కుటుంబమునకును వ్రాఁతమూలముగాఁ దెలుపుట ప్రతి వైద్యశాలకును విధి కావలెననియు మా వాదము.

ముందుగా ఈ ప్రశ్న యెంతమందికి సంబంధించినదో చూతము. బెంగుళూరులోని నిమ్హాన్సు సంస్థవారు 2015-16 సంవత్సరములలో 12 రాష్ట్రములయందు జాతీయ మానసికారోగ్య సర్వే జరిపిరి. వయస్సు వచ్చినవారిలో నూటికి పదిమందికిఁ బైగా ఏదో యొక మానసిక వ్యాధితో బాధపడుచున్నట్లు అందుఁ దేలినది. అట్టివారిలో చికిత్స పొందనివారు, వ్యాధినిబట్టి, నూటికి 70 మొదలు 92 వఱకుఁ గలరు. చికిత్స పొందుచున్న కుటుంబములు మందులకును రాకపోకలకును నెలకు 1,000 మొదలు 1,500 రూపాయల వఱకు తమ చేతినుండి పెట్టుకొనుచున్నవని కూడ ఆ సర్వే చెప్పినది. అది దాదాపు పదేండ్లనాఁటి ధరల మాట. ఆ పండ్రెండు రాష్ట్రములలో మన తెలుఁగు రాష్ట్రములు లేవు. ఐనను మన స్థితి అంతకంటె మేలుగా నుండునని తలఁచుటకు హేతువు కానరాదు. చికిత్సకుఁ బోకపోవుటకు సిగ్గు ఒక కారణము, అజ్ఞానము ఒక కారణము, దూరము ఒక కారణము. ఈ మూఁటిని గూర్చి సభలలో నుపన్యాసములు జరుగుచున్నవి. నాలుగవ కారణమైన ధనమును గూర్చి మాత్రము ఎవ్వరును నోరు విప్పరు.

వ్యయము తెలియకపోవుటవలన జరుగుచున్న దేమి? కుటుంబము ఉత్సాహముతోఁ జికిత్స నారంభించును. మొదటి నెల బంగారము కుదువఁబెట్టి యైనను మందులు తెచ్చును. రెండవ నెల చేబదులు తెచ్చును. మూఁడవ నెలకు రోగి కొంచెము నిద్రపోవుచుండును, నలుగురితోఁ గూర్చుండి భుజించుచుండును. “ఇఁక చాలును, నయమైనది గదా!” యని కుటుంబము మందులు మానిపించును. ఆ మానిపించుటలో సంతోషము కొంత, అప్పుల భయము కొంత. వైద్యశాస్త్రము చెప్పునది వేఱు. విషాదరోగమున లక్షణములు తగ్గిన పిమ్మట కూడ ఆఱు నెలలకుఁ దక్కువ కాకుండ మందు సాగింపవలెనని వైద్యుల సామాన్య నియమము. ఉన్మాదజాతికిఁ జెందిన తీవ్రవ్యాధులలో ఆ గడువు సంవత్సరముల లెక్కకుఁ బోవును. నడుమ హఠాత్తుగా మానినచో వ్యాధి తిరుగఁబెట్టు ప్రమాదము హెచ్చును. తిరుగఁబెట్టినపుడు ఆసుపత్రిలోఁ జేర్పవలసివచ్చును. అపుడగు వ్యయము, మానిన మందుల వెలకు ఎన్నియో రెట్లు. మొదటినాఁడే “ఇది మూఁడు నెలల పని కాదు, ఏఁడాది పని, నెలకింత యగును” అని చెప్పియుండినచో ఆ కుటుంబము కుదువఁబెట్టిన బంగారమును మొదటి నెలలోనే ఖర్చుచేసియుండదు, నెలకింత యని పంచుకొనియుండును, లేదా మొదటినుండియు ప్రభుత్వాసుపత్రికే పోయియుండును.

ఇపుడు ప్రతిపక్షుల వాదములను విచారింతము.

మనస్సు యొక్క గతి ఎవరికిని తెలియదు కావున వ్యయము చెప్పలేమనునది మొదటి వాదము. ఇందు రెండు వేఱు విషయములు కలగలుపఁబడుచున్నవి. రోగి యెన్నినాళ్లకు స్వస్థుఁడగునో చెప్పుట యొకటి. చికిత్సకు వలయు పనులేవో, వాని వెలలేవో చెప్పుట మఱియొకటి. మొదటిది కష్టమే. రెండవది కష్టము కాదు. సంభాషణమూలకమైన చికిత్సలలోఁ బ్రసిద్ధమైన యొక పద్ధతికి సామాన్యముగా 12 మొదలు 20 కూర్పులు పట్టును. విద్యుత్ చికిత్స వలసినవారికి సాధారణముగా 6 మొదలు 12 సారులు ఇత్తురు. లిథియము వాడువారికి రక్తములో దాని ప్రమాణమును, మూత్రపిండములను, థైరాయిడును నియతకాలమునఁ బరీక్షింపవలయును. క్లోజపిను అను మందు నారంభించువారికి మొదటి నెలలలో వారము వారము రక్తపరీక్ష చేయుట వాడుక. ఈ సంగతులు వైద్యవిద్యార్థికి సహితము తెలిసినవే. వారమునకొక రక్తపరీక్ష వలయునని వైద్యున కెఱుకయే; ఒక పరీక్షకు ఎంత యగునో పరీక్షాలయమున కెఱుకయే. ఈ రెండంకెలను గుణించి రోగికిఁ జెప్పుటకు మనస్సు యొక్క దుర్జ్ఞేయత ఎట్లడ్డు వచ్చునో మాకు బోధపడకున్నది. మేము ఉపాధ్యాయులము. ఏ బాలునకు ఎన్ని మార్కులు వచ్చునో జూను నెలలో మేము చెప్పలేము. ఐనను సంవత్సరమంతయు ఏ నెలలో ఏ పాఠము చెప్పుదుమో వ్రాసి గోడకు అంటింతుము. ఫలితము తెలియనంతమాత్రమునఁ బని తెలియకపోదు.

మా మాట స్పష్టమగుటకు ఒక లెక్క వేసి చూపెదము. ఇందలి ధరలు ఉదాహరణార్థము మేము అనుకొన్నవి. ఊరు మాఱిన నంకెలు మాఱును, పద్ధతి మాఱదు. పట్టణమునకు దూరపు పల్లెలో చిన్న దుకాణము నడుపుకొను కుటుంబము గలదనుకొందము. ఇంటి ఇల్లాలికి విషాదరోగము. వైద్యుఁడు మొదటి మూఁడు నెలలు నెలకు రెండుసారులును, పిమ్మటి తొమ్మిది నెలలు నెలకొకసారియుఁ జూచును. అనఁగా 15 దర్శనములు. ఒక్కొక్కదానికి 800 చొప్పున 12,000 రూపాయలు. మందులు నెలకు 900 చొప్పున 10,800. సంభాషణచికిత్స 16 వారములు, కూర్పునకు 1,200 చొప్పున 19,200. పరీక్షలకు 1,000. ఇంతవఱకు 43,000 రూపాయలు. వైద్యశాల చెప్పఁదలఁచినను ఇంతవఱకే చెప్పును. కాని ఇల్లాలు పట్టణమునకు 31 సారులు పోయిరావలెను. తోడువచ్చు భర్తతోఁ గలిపి బస్సులకు 200 చొప్పున 6,200. ఆ పూఁట దుకాణము మూసినందునఁ బోయిన రాబడి 400 చొప్పున 12,400. ఈ రెండును కలిసి 18,600. మొత్తము 61,600 రూపాయలు. ఇందుఁ బదింట మూఁడు వంతులు ఏ బిల్లులోను కానరానివి.

చూచితిరా, ఇంత పెద్ద మొత్తము చెప్పిన వారు బెదరరా, యని కొందఱందురు. నిదానింపుఁడు. లెక్క వ్రాసినపుడే అందలి యనవసరపు వ్యయము కంటఁబడును. సంభాషణచికిత్స జరుగు మొదటి నాలుగు నెలలలోఁ బడు 7 వైద్యదర్శనములను ఆ దినములకే అమర్చినచో 7 ప్రయాణములు తగ్గును. 4,200 రూపాయలు మిగులును. నాలుగు నెలల మందులకుఁ బైగా ఆ సొమ్ముతో వచ్చును. పిమ్మటి దర్శనములలోఁ గొన్ని టెలిఫోనుమీఁద జరుపవచ్చునేమో యడుగవచ్చును. అదే మందును వేఱు పేరుతోఁ దక్కువ వెలకు అమ్మువారున్నారేమో విచారింపవచ్చును. లెక్క లేనిచోట ఈ ప్రశ్నలే పుట్టవు. అంచనా యనఁగా భయపెట్టు కాగితము కాదు. మితవ్యయమునకు మొదటి మెట్టు.

అంచనా వేయుట ఎచ్చటను సాగలేదా యన్నచో, సాగినచోటు కలదు. అమెరికాలో 1983వ సంవత్సరమున వృద్ధుల వైద్యమునకు ప్రభుత్వము చెల్లించు పద్ధతిని మార్చి, రోగము పేరునుబట్టి ఆసుపత్రికి ఇంత యని ముందుగానే నిర్ణయించిరి. మనోరోగాలయములను మాత్రము ఆ పద్ధతినుండి మినహాయించిరి. ఏలయన రోగము పేరొక్కటే చూచి, రోగి యెన్నినాళ్లు ఆసుపత్రిలో నుండునో చెప్పుటకు వీలు లేకపోయినది. ఇది ప్రతిపక్షుల వాదమునకు బలము నిచ్చు విషయమే, మేము దాఁచము. కాని వారు అంతటితోఁ జేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 2005వ సంవత్సరమున దినమునకింత యను ధరను ఏర్పఱచి, వయస్సు, తోడి రోగములు, విద్యుత్ చికిత్స మున్నగువానినిబట్టి దానిని సవరించు మార్గమును గనుఁగొనిరి. మఱియు 2022 జనవరి 1 నుండి అచ్చట నమలులోనికి వచ్చిన యొక చట్టముచొప్పున, బీమా లేనివారికిని, బీమా వాడుకొనక సొంత సొమ్ము చెల్లించువారికిని, వైద్యుఁడు ముందుగానే వ్రాఁతమూలమైన అంచనా నీయవలెను. మాటిమాటికి రావలసిన చికిత్సయైనచో పండ్రెండు నెలల వఱకు ఒకే అంచనా వ్రాయవచ్చును. అసలు బిల్లు ఆ యంచనాను 400 డాలర్లు గాని అంతకు మించి గాని దాఁటినచో రోగి తగవు పెట్టవచ్చును. మనోవైద్యులకు ఈ చట్టమునుండి మినహాయింపు లేదు. అచ్చటి మనస్సులు మన మనస్సులకంటె నిలుకడ గలవి కావు గదా!

మన దేశపు చట్టమేమి చెప్పుచున్నది? 1912వ సంవత్సరపు చట్టము రోగిని బంధించుటకుఁ బుట్టినది. 1987వ సంవత్సరపు చట్టము కొంత మెత్తబడినది. 2017వ సంవత్సరపు మానసికారోగ్య సంరక్షణ చట్టము రోగికి హక్కులు గలవని మొదటిసారి స్పష్టముగాఁ జెప్పినది. అందులకు దానిని మేము కొనియాడుదుము. దాని 22వ సెక్షనుచొప్పున రోగికిని అతని ప్రతినిధికిని వ్యాధి స్వభావమును, చేయఁదలఁచిన చికిత్సను, మందులవలనఁ గలుగు తెలిసిన దుష్ఫలితములను తెలుపవలెను. అదియు వారికి బోధపడు భాషలోనే తెలుపవలెను. మంచిదే. కాని ఆ జాబితాలో వ్యయము అను మాట లేదు. మందు తిన్న నోరెండునని చెప్పవలెనఁట. మందు కొన్న ఇల్లెండునని చెప్పనక్కఱలేదఁట! 2010వ సంవత్సరపు వైద్యసంస్థల చట్టము క్రింది నియమములు ఒక్కొక్క సేవకు ధర యెంతయో స్థానికభాషలోను ఇంగ్లీషులోను బోర్డుమీఁద వ్రాసి పెట్టవలెనని విధించినవి. ఆ చట్టమును స్వీకరించిన రాష్ట్రములలోనే అవి వర్తించును. ఆ బోర్డు చూచిన రోగికి ఒక కూర్పు ధర తెలియును. ఎన్ని కూర్పులో తెలియదు. గజము ధర చెప్పి, ఎన్ని గజములు వలయునో చెప్పని బట్టల దుకాణమునకు ఎవరు పోవుదురు?

ఇఁక బీమా సంగతి. 2017 చట్టపు 21వ సెక్షను, శరీరవ్యాధులకు బీమా యిచ్చు రీతినే మనోవ్యాధులకును ఈయవలెనని కంపెనీలను శాసించినది. బీమా నియంత్రణాధికారులు 2018 ఆగస్టులో కంపెనీలకు ఉత్తరువు పంపిరి. 2022 అక్టోబరులో మరల గడువు పెట్టి చెప్పవలసివచ్చినది. ఈ నడుమ 2021లో ఢిల్లీ హైకోర్టు, మనోరోగికి క్లెయిము నిరాకరించిన యొక కంపెనీ వాదమును త్రోసిపుచ్చినది. కాగితముమీఁద సమానత్వము వచ్చినది. కాని మన సాధారణ పాలసీలు ఆసుపత్రిలో ఒక దినమైనను పడకమీఁద నున్నవారికే చెల్లించును. మనోరోగులలో నత్యధికులు పడకమీఁద నుండువారు కారు. వచ్చి చూపించుకొని పోవువారు. పైన వేసిన లెక్కలోని 61,600 రూపాయలలో అట్టి పాలసీ చెల్లించునది సున్న. ఎముక విఱిగినవానికిని మనస్సు విఱిగినవానికిని ఒకే నియమమనుట వినుటకు సొంపుగా నున్నది. కాని పడక వలసినవానికి, పడక వలదన్నవానికి ఒకే నియమము పెట్టుట సమానత్వము కాదు. ఇంతకంటె విచిత్రమైన దొకటి కలదు. ప్రీమియము నిర్ణయించుటకు బీమా కంపెనీలు వ్యాధుల వ్యయమును ముందుగా లెక్కగట్టుటకై గణితశాస్త్రజ్ఞులను జీతమిచ్చి పెట్టుకొనును. కాబట్టి జోస్యము అసాధ్యము కాదు. తమ లాభమునకైనపుడు సాధ్యము; రోగి మేలునకైనపుడు అసాధ్యము. ఇదియే మా యాక్షేపణము.

వ్యయము చెప్పినచో బీదవారు చికిత్సకే రారనునది రెండవ వాదము. ఇది దయ వేషము వేసికొన్న వాదము. చెప్పనంతమాత్రమున బీదవాని జేబులో సొమ్ము పుట్టదు. మొదటినాఁడు పోవలసినవాఁడు మూఁడవ నెలలోఁ బోవును. సొమ్మును పోఁగొట్టుకొని, నమ్మకమును పోఁగొట్టుకొని పోవును. అంచనా యిచ్చు వైద్యుఁడు అదే కాగితము క్రింద మఱి రెండు పంక్తులు వ్రాయవలెను: ఇదే చికిత్స ఉచితముగా నెచ్చట దొరకునో, తక్కువ వెలకు నెచ్చట దొరకునో. ఎఱ్ఱగడ్డలోను విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. జిల్లా మానసికారోగ్య కార్యక్రమము 1996లోనే మొదలైనది. 2022 అక్టోబరు 10న స్థాపింపఁబడిన టెలి-మానస్ వారికి 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుఁగులోనే ఉచితముగా సలహా చెప్పుదురు. 2017 చట్టపు 18వ సెక్షను దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ప్రభుత్వ సంస్థలలో ఉచిత చికిత్సకు హక్కు కలదని చెప్పుచున్నది. హక్కు గలదని తెలియని వానికి ఆ హక్కు ఉన్నను లేనట్లే.

ధనప్రసక్తి వైద్యుని గౌరవమునకు భంగకరమనునది మూఁడవ వాదము. మన పూర్వులు అట్లు తలఁపలేదు. వైద్యుఁడు, ఔషధము, పరిచారకుఁడు, రోగి యను నాలుగు పాదములమీఁద చికిత్స నిలుచునని ఆయుర్వేదము. అందు రోగికి వలయు గుణములను జెప్పుచు, అష్టాంగహృదయమున వాగ్భటాచార్యుఁడు మొట్టమొదటఁ బేర్కొన్నది ధనము గలిగియుండుట. ఆయన నిర్దయుఁడై యట్లు చెప్పలేదు. సొమ్ము లేనిచోఁ జికిత్స నడుమ నిలిచిపోవునని యెఱిఁగి చెప్పినాఁడు. ఆ సత్యమును పెక్కు శతాబ్దములకు పూర్వమే ఆచార్యుఁడు సిగ్గుపడక వ్రాయఁగా, నేఁటి వైద్యశాలలు బిల్లు వ్రాయుటకు సిగ్గుపడక అంచనా వ్రాయుటకు సిగ్గుపడుట వింతగా నున్నది.

వైద్యులనుమాత్రమే నిందించుట న్యాయము కాదు. మనోవైద్యులు లక్షమంది ప్రజలకు ఒక్కరైనను లేని దేశమిది. వరుసలో నలువదిమంది వేచియుండఁగా లెక్క వ్రాయుటకు వారికిఁ దీరిక యెక్కడిది? కావున ఆ పని వైద్యునిది కానక్కఱలేదు. వైద్యశాలలోని గుమాస్తా చేయవచ్చును. మన తప్పు మాత్రము మనది. కుమారునకు వ్యాధి వచ్చిన పొలము నమ్మి యైనను చూపింతుము. కోడలికి వచ్చిన “ఆరు నెలలు పుట్టింటికిఁ బోయిరమ్మందము” అని తలఁతుము. ఆ వ్యయమును వియ్యంకుని పద్దులో వ్రాయుదుము. లెక్క తెలియనిచోట ఈ యన్యాయము సులభము, నెలకింత యని కాగితముమీఁద నున్నచో, “ఇంతమాత్రము మనమే పెట్టలేమా?” యని ఇంటిలో నెవరో యొకరు అడుగుదురు. కొందఱు మంత్రగాండ్రకును మ్రొక్కుబళ్లకును వేలకొలఁది పోసి, పిమ్మట వైద్యునికడ 800 రూపాయలకు బేరమాడుదురు. ఆ వేలకును లెక్క వ్రాసి చూచుకొనుటయే దానికి మందు.

మేము కోరునది స్వల్పము. చికిత్స మొదలైన నెలలోపల ఒక పుట కాగితము. అందు మూఁడు గడులు: చికిత్స అనుకొన్నట్లు సాగినచో ఎంత; మందు మార్పవలసినచో ఎంత; ఆసుపత్రిలోఁ జేర్పవలసినచో ఎంత. మూఁడు నెలలకొకసారి ఆ కాగితమును దిద్దవలెను. అంకె మాఱిన కారణమును వ్రాయవలెను. ఆ కాగితము తెలుఁగులో నుండవలెను. రాష్ట్ర మానసికారోగ్య ప్రాధికార సంస్థలకు వైద్యశాలల ప్రమాణములను నిర్ణయించు నధికారము చట్టమే యిచ్చినది. ఈ యొక్క పుటను ఆ ప్రమాణములలోఁ జేర్చుటకు కొత్త చట్టము కూడ నక్కఱలేదు. బీమా నియంత్రణాధికారులు పడక లేని చికిత్సకు సహితము చెల్లింపు ఉండవలెనని శాసింపవలెను.

ఇవి జరుగువఱకు చదువరులు చేయఁదగిన పని యొకటి కలదు. ఈసారి మీ యింటివారితోఁ గాని, ఇరుగుపొరుగువారితోఁ గాని మనోవైద్యునికడకుఁ బోయినపుడు చీటీ తీసికొని లేవకముందే, “అయ్యా, ఏఁడాదికి ఎంత యగును? ఈ కాగితముమీఁద వ్రాసి యిండు” అని యడుగుఁడు. ఒకరు అడిగిన అపచారమనిపించును. పదిమంది అడిగిన ఆచారమగును.